అడ్వెంచర్ టూరింగ్ బండి కొనాలా, వద్దా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం ప్రాంతాల నుంచి పెద్ద బండి కొనాలనే ఆలోచనతో వచ్చే మిత్రులు అడిగే ప్రశ్నలు ఏళ్లుగా ఇంచుమించు ఒకటే. అవసరానికి మించిన బండి ఒకటి కొని, రెండేళ్లు నడిపి, దాన్ని అమ్మి మధ్యస్థమైన దానికి మారినవాణ్ణి కనుక ఈ సమాధానాలలో నా అనుభవం, నా అభిప్రాయం రెండూ ఉన్నాయి. బయలుదేరే రోడ్డు ఏది, బండి కింద పడితే ఎవరు లేపుతారు, చెడిపోతే ఎక్కడికి తీసుకువెళ్లాలి అనే మూడు విషయాలు తేల్చుకున్న తర్వాతే ఎన్ని సీసీలన్న చర్చ మొదలుపెట్టాలని నా నమ్మకం.

అడ్వెంచర్ టూరింగ్ బండి అంటే సరిగ్గా ఏమిటి?

తారు రోడ్డు మీద రోజంతా అలసట లేకుండా వెళ్లగలిగి, తారు అయిపోయిన చోట కంకర, మట్టి, గుంతల దారిలోనూ సాగిపోయేలా తయారు చేసిన మోటారు సైకిలును ఆ పేరుతో పిలుస్తారు. నిటారుగా కూర్చునే సీటు, వెడల్పైన హ్యాండిల్, ముందు 19 లేదా 21 అంగుళాల చక్రం, గుంత వచ్చినప్పుడు బాగా కిందికి దిగి లేచే పొడవాటి సస్పెన్షన్, ఛాతీకి గాలి కొట్టకుండా ముందు అద్దం, సామాను పెట్టెలు బిగించుకునే వీలు దీని లక్షణాలు. 1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్ 80 జీ/ఎస్‌ను ఈ తరహాకు మూలంగా చెబుతారు. దాని ఇంజను సుమారు 800 సీసీ, శక్తి 50 హార్స్ పవర్. ఆ నమూనా బండితోనే 1981లో సహారా ఎడారి మీదుగా సాగే పారిస్-డకార్ రేసు గెలిచారు.

ఈనాడు మన దేశంలో దొరికేవి మూడు మెట్లుగా ఉన్నాయి. మొదటి మెట్టులో 40 హార్స్ పవర్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, 46 హార్స్ పవర్ కేటీఎం 390 అడ్వెంచర్ వంటివి ఉంటాయి. రెండో మెట్టులో 84 హార్స్ పవర్ సుజుకి వీ-స్ట్రామ్ 800 డీఈ, 108 హార్స్ పవర్ ట్రయంఫ్ టైగర్ 900 వంటివి వస్తాయి. మూడో మెట్టు మీద 145 హార్స్ పవర్ బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్, 170 హార్స్ పవర్ డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 నిలబడతాయి. "హై పెర్ఫార్మెన్స్" అని మన వాళ్లు అనేది సాధారణంగా రెండు, మూడు మెట్లను ఉద్దేశించే. అయితే డకార్ రేసులో ఎడారి దాటిన ఆ తొలితరం బండి శక్తికి, ఈనాటి మొదటి మెట్టు బండ్ల శక్తికి దూరం ఎంతో లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

మన రోడ్ల మీద అంత శక్తి వాడుకోగలమా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. తడ నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి చూడగానే ఎవరికైనా యాక్సిలరేటర్ తిప్పాలనిపిస్తుంది. కానీ 2018లో కేంద్ర రవాణా శాఖ నిర్ణయించిన ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద మోటారు సైకిలు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, ఇతర రోడ్ల మీద 60 కిలోమీటర్లు. ఆ 80 కిలోమీటర్ల వేగాన్ని 40 హార్స్ పవర్ బండి ఊపిరి బిగించకుండానే అందుకుంటుంది.

చట్టాన్ని పక్కన పెట్టినా లెక్క మారదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు, 120లో 33 మీటర్లు వెళుతుంది. బ్రేకు పట్టిన తర్వాత ఆగడానికి పట్టే దూరం వేగానికి వర్గానుపాతంలో పెరుగుతుంది కనుక 80కి పట్టే దూరానికి రెండుంపావు రెట్లు 120కి పడుతుంది. హైవేకి ఇరువైపులా ఊళ్లున్న మన ప్రాంతంలో డివైడర్ సందులోంచి గేదె రావడం, సర్వీసు రోడ్డు వదిలి ట్రాక్టరు రాంగ్ రూటులో ఎదురు రావడం, కోతల కాలంలో రోడ్డు మీద సగం వరకు ధాన్యం ఆరబోయడం కొత్త కాదు. ఆ సెకనులో పనికొచ్చేది మంచి బ్రేకు, ముందుచూపు మాత్రమే; హార్స్ పవర్ కాదు.

మరి పెద్ద ఇంజను ఎక్కడ పనికొస్తుంది? చీమకుర్తి నుంచి ఒంగోలు వచ్చే దారిలో గ్రానైటు దిమ్మెల లారీ వెనక చిక్కుకున్నప్పుడు, ఎదురుగా వాహనం లేని కొద్దిపాటి ఖాళీలో గేరు మార్చకుండానే లారీని దాటగలగడం నిజంగా మేలు చేసే విషయం. లారీ వెనక దుమ్ములో ఉన్నంతసేపు కనిపించని గాలి, పక్కకు రాగానే ఒక్కసారిగా భుజం మీద తోసినట్టు తగులుతుంది. ఆ రెండు మూడు సెకన్లు ఎంత త్వరగా గడిస్తే అంత మంచిది. ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామానుతో బరువెక్కిన బండి మీద ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక రాపూరు నుంచి వెలిగొండలు దాటి చిట్వేలు దిగే ఘాట్ దారి, దోర్నాల నుంచి నల్లమల గుండా శ్రీశైలం ఎక్కే దారి, ఉదయగిరి, భైరవకోన వైపు లోపలి రోడ్లు ఉన్నాయి. వీటి మీద మలుపులు వరుసగా వస్తాయి, మూడో గేరు దాటే అవకాశమే తక్కువ. అక్కడ సుఖాన్నిచ్చేది పొడవాటి సస్పెన్షన్, తేలికైన బండి. నా అనుభవంలో రాపూరు ఘాట్‌లో 450 సీసీ బండితో కలిగిన ఆనందం, దానికి రెండింతల ఇంజనున్న బండితో కలగలేదు. పెద్ద బండి మీద ఉన్నంతసేపు ధ్యాసంతా దాని బరువు మీదే ఉండేది.

నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. కాలు అందుతుందా?

హిమాలయన్ 450 సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, వీ-స్ట్రామ్ 800 డీఈది 855, ఆర్ 1300 జీఎస్‌ది 850. మీ ఎత్తుకు మొదటిదాని మీద రెండు పాదాల ముందు భాగం ఆనవచ్చు, మిగిలినవాటి మీద ఒక కాలి మునివేళ్లతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. సమతలంగా ఉన్న షోరూము గచ్చు మీద అది పెద్ద ఇబ్బందిగా అనిపించదు. వాలుగా ఉన్న కంకర రోడ్డు అంచున ఆగినప్పుడు తెలుస్తుంది. కాలి పొడవు, సీటు వెడల్పు కూడా ఎత్తుతో సమానంగా లెక్కలోకి వస్తాయి కాబట్టి మీ బూట్లు వేసుకుని కూర్చుని చూడకుండా నిర్ణయానికి రావద్దు.

బరువు గురించి అంతగా భయపడాలా?

భయం అక్కర్లేదు, గౌరవం కావాలి. హిమాలయన్ 450 పెట్రోలుతో కలిపి 196 కిలోలు, వీ-స్ట్రామ్ 230, ఆర్ 1300 జీఎస్ 237 కిలోలు. నడుస్తున్నప్పుడు ఈ బరువు మాయమైపోతుంది, ఆగేటప్పుడు తిరిగి వస్తుంది.

మైపాడు బీచి దగ్గర రోడ్డు చివర బండిని వెనక్కి తిప్పుతూ నేను పడిపోయాను. వేగం నడక కంటే తక్కువ. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తారు మీద పలుచగా పరచుకుని ఉంది, హ్యాండిల్ పూర్తిగా తిప్పి ముందు బ్రేకు తాకాను. చక్రం మడత పడింది, బండి నా చేతుల్లోంచి జారి మెల్లగా పక్కకు ఒరిగింది. ఆపాలని చేసిన ప్రయత్నంలో నడుం పట్టేసింది. దెబ్బ తగల్లేదు గానీ 200 కిలోలు దాటిన ఆ బండిని ఒక్కణ్ణే లేపలేకపోయాను. వలలు సర్దుకుంటున్న ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి, "ఏం అబ్బయ్యా, కాలు కింద పడలేదు గదా?" అని అడిగి చెరో చెయ్యి వేశారు. మనిషి అలికిడి లేని నల్లమల దారిలో అదే జరిగి ఉంటే సాయంత్రం దాకా ఎదురుచూడాల్సి వచ్చేది.

ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ముందు ఇంజను ఆపాలి, గేరులో ఉంచాలి. బండి కుడివైపుకు పడితే సైడు స్టాండును ముందే బయటికి లాగి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపుకి అవతలివైపు పడిపోతుంది. తర్వాత బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకు ఆనించి, ఒక చేత్తో కింది వైపు హ్యాండిల్‌నూ, మరో చేత్తో వెనక పట్టుకునే కడ్డీనీ పట్టుకుని, నడుముతో కాకుండా తొడల బలంతో, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ నెట్టాలి. కొనాలనుకున్న బండిని, దాని యజమాని ఒప్పుకుంటే, మెత్తటి నేల మీద పడుకోబెట్టి ఇలా ఒకసారి లేపి చూడండి. లేపలేకపోతే ఒంటరి ప్రయాణాలకు అది మీ బండి కాదు.

మే నెల ఎండలో ఇంజను వేడి తట్టుకోగలమా?

హైవే మీద ఇబ్బంది లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో మధ్యాహ్నం పన్నెండింటికి ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడే అసలు పరీక్ష. ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) వేడెక్కి ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టాక రేడియేటర్ వేడి గాలి మోకాళ్ల కింద పిక్కలకు తగులుతుంది. ఇంజను పెద్దదయ్యే కొద్దీ ఆ వేడి ఎక్కువ. బయట 43 డిగ్రీలున్నప్పుడు పల్చటి ప్యాంటులోంచి అది స్పష్టంగా కాలుతున్నట్టే ఉంటుంది. రోజూ ఆఫీసుకు ఇదే బండి వాడాలనుకునేవారు దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, దూర ప్రయాణానికి వెనక సీటు వెడల్పుగా, హాయిగా ఉంటుంది. కానీ ఎక్కడం, దిగడం గుర్రం ఎక్కినట్టే. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అలవాటున్న అమ్మను పెంచలకోన తీసుకువెళ్లడానికి ఈ బండి తగదు. పక్కకు కూర్చుంటే 230 కిలోల బండికి ఒకే వైపు బరువు పడుతుంది, కాలు పెట్టుకునే చోటు కూడా చాలా ఎత్తులో ఉంటుంది. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం, పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే మెట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. ఆ చీర గార్డు అందంగా లేదని ఊడదీయించేవాళ్లు కొందరున్నారు, అలా చేయవద్దని గట్టిగా కోరుతున్నాను.

భార్య, లేదా ఎవరైనా క్రమం తప్పకుండా వెంట వచ్చేటట్లయితే షోరూముకు వాళ్లను కూడా తీసుకువెళ్లండి. వాళ్లు కనీసం అరగంట కూర్చుని చూసి చెప్పిన మాటకు మీ మాటతో సమానమైన విలువ ఇవ్వండి.

మొత్తం ఖర్చు ఎంతవుతుంది?

షోరూము ధర దగ్గర లెక్క ఆపవద్దు. హిమాలయన్ 450 ధర 2023 నవంబరులో విడుదలైనప్పుడు 2.69 లక్షల దగ్గర మొదలైంది. 2024లో వచ్చిన వీ-స్ట్రామ్ 800 డీఈ 10.30 లక్షలకు, ఆర్ 1300 జీఎస్ 20.95 లక్షలకు విడుదలయ్యాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద 3 శాతం సెస్సు ఉండేవి. పై మూడు మెట్లలోని బండ్లన్నీ ఆ గీత దాటినవే. దానికి తోడు లైఫ్ ట్యాక్స్ ధరలో ఇంత శాతమని ఉంటుంది కనుక బండి ఖరీదు పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుంది.

350 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ బీమా 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 2,804 రూపాయలు. కొత్త బండికి దీన్ని ఐదేళ్లకు కలిపి ముందే కట్టాలి. మన బండికి జరిగే నష్టానికి తీసుకునే బీమా వేరు, ఖరీదైన బండికి అసలు భారం అదే.

అప్పు తీసుకునేవారికి ఒక లెక్క చెబుతాను. 10 లక్షలు 10 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు 21,247 రూపాయల కిస్తీ పడుతుంది, మొత్తం మీద వడ్డీయే దాదాపు 2 లక్షల 75 వేలు. ఇక పెట్రోలు: లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి వస్తే, రానుపోను 350 కిలోమీటర్లకు పదిహేడున్నర లీటర్లు తాగుతుంది. జాతీయ రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు టోలు లేకపోవడం ఒక్కటే ఊరట. హెల్మెట్, జాకెట్, చేతి తొడుగులు, బూట్లకు డబ్బు మొదటే పక్కన పెట్టుకోండి. బండికి అంతా పోసేసి ఐఎస్ఐ ముద్ర లేని టోపీలాంటి హెల్మెట్‌తో బయలుదేరేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సర్వీసుకు ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు బండ్లకు మన పట్టణాల్లోనే పని జరుగుతుంది. పెద్ద విదేశీ కంపెనీల సర్వీసు సెంటర్లు చాలావరకు చెన్నై, హైదరాబాద్ వంటి నగరాల్లోనే ఉంటాయి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు కనుక తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు. ఒంగోలు వారికి చెన్నై మూడు వందల కిలోమీటర్లకు దగ్గరవుతుంది, మార్కాపురం, గిద్దలూరు వారికి ఏ నగరమూ దగ్గర కాదు.

నడిచి వెళ్లగలిగిన బండికి ఈ దూరం సమస్యే కాదు, అదీ ఒక ప్రయాణమే. నడవలేని బండి సంగతి వేరు. నా పాత బండికి క్లచ్ లివర్ దగ్గరుండే చిన్న స్విచ్చు పాడై ఇంజను స్టార్ట్ కాలేదు. ఊళ్లోని మెకానిక్ పది నిమిషాల్లో లోపం పట్టుకున్నాడు గానీ ఆ భాగం రావడానికి మూడు వారాలు పట్టింది. అన్ని రోజులూ బండి వరండాలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. కొనే ముందు సర్వీసు సెంటర్‌కు ఫోను చేసి బ్రేకు ప్యాడ్లు, క్లచ్ కేబులు లేదా లివర్, ముందు టైరు, ఎయిర్ ఫిల్టర్ ఈ రోజు స్టాకులో ఉన్నాయా అని అడగండి. ఆ సమాధానం బట్టి మిగతాది మీకే అర్థమవుతుంది.

ట్యూబు టైరు మంచిదా, ట్యూబ్‌లెస్ మంచిదా?

ట్యూబ్‌లెస్. మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, ప్లగ్గు కిట్టుతో రోడ్డు పక్కనే అతికించుకోవచ్చు. ట్యూబు ఉంటే చక్రం ఊడదీయాలి. పామూరు, కనిగిరి దారిలోని పంక్చర్ షాపులో ఓపిక ఉంటుంది గానీ 21 అంగుళాల చక్రానికి సరిపడే ట్యూబు ఉంటుందన్న నమ్మకం లేదు. ట్యూబు బండే కొంటే ముందుకొకటి, వెనక్కొకటి సొంత ట్యూబులు పెట్టెలో పెట్టుకోండి.

ట్రాక్షన్ కంట్రోల్, క్రూయిజ్ కంట్రోల్ నిజంగా అవసరమా?

బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, వెనక చక్రం జారి తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసేవైతే వాటికి డబ్బు పెట్టవచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన రోడ్లు తడిసే ఉంటాయి, తడి రోడ్డు మీద పడిన డీజిల్ చుక్కలు కంటికి ఆనవు. వెనక చక్రానికి ఏబీఎస్ ఆపుకునే వీలు మట్టి దారి మీద ఉపయోగపడుతుంది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకుండానే బండిని ఒకే వేగంతో నడిపించే క్రూయిజ్ కంట్రోల్ మన హైవే మీద వాడుకునే సందర్భాలు తక్కువ. రంగుల తెరను చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు.

చెన్నై నుంచి సెకండ్ హ్యాండ్ బండి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. తక్కువ తిరిగిన పెద్ద బండ్లు అక్కడ తరచుగా అమ్మకానికి వస్తాయి. అయితే తమిళనాడు ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రానికి ఫారం 28, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30, అప్పు ఉండి తీరి ఉంటే దాని రద్దుకు ఫారం 35 చేతికి రాకముందే పూర్తి డబ్బు ఇవ్వవద్దు. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి పన్ను కట్టాలి కాబట్టి ఆ మొత్తాన్ని కలుపుకునే ధర మాట్లాడండి.

బండిని చూసేటప్పుడు హ్యాండిల్ చివరలు, లివర్ల కొసలు, ఇంజను కింది రేకు చూడండి. గీతలు ఉంటే పడిందని అర్థం, పడటం తప్పు కాదు, దాచడం తప్పు. సెంటర్ స్టాండు వేసి, వెనక ఒకరు నొక్కి పట్టి, ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను నెమ్మదిగా ఇటూ అటూ తిప్పితే మధ్యలో ఎక్కడైనా పట్టినట్టు తగిలిందంటే స్టీరింగ్ బేరింగులు అరిగినట్టే. సర్వీసు రికార్డు లేని బండిని ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి?

షోరూము చుట్టూ పది నిమిషాల తిరుగుడు చాలదు. నగరాల్లో ఈ బండ్లను రోజు అద్దెకు ఇచ్చేవాళ్లున్నారు. ఒక రోజు అద్దె కట్టి, వెనక మనిషితో, సామానుతో రెండు వందల కిలోమీటర్లయినా నడపండి. ఇరుకు సందులో యూటర్న్ తీసుకోండి, ఎండలో ట్రాఫిక్‌లో ఆగండి, బండిని దిగి వెనక్కి నెట్టండి. మన దేశంలో గేరు బండి లైసెన్సు ఒక్కటి ఉంటే 100 సీసీ అయినా 1300 సీసీ అయినా నడపవచ్చు, మెట్లు మెట్లుగా అనుభవం సంపాదించాలని చట్టం అడగదు. అందుకే ఆ మెట్లను మనమే పెట్టుకోవాలి. 150 సీసీ నుంచి నేరుగా 800 సీసీకి వెళ్లాలనుకునే పాతికేళ్ల కుర్రవాడికి రెండేళ్లు 400 సీసీ బండి నడపమనే చెబుతాను, నా తమ్ముడికీ అదే చెప్పాను.

అయితే పెద్ద బండి ఎవరు కొనవచ్చు?

ఏడాదికి మూడు నాలుగు సార్లయినా వేయి కిలోమీటర్లు దాటిన ప్రయాణం చేసేవారు, చాలావరకు ఇద్దరుగా వెళ్లేవారు, మొదటి మెట్టు బండితో కనీసం రెండు వర్షాకాలాలు గడిపినవారు, నెలల పాటు బండి లేకపోయినా పనులు ఆగనివారు కొనవచ్చు. కిస్తీ కట్టాక ఇంటి ఖర్చుకు ఇబ్బంది రాకూడదన్నది వేరే చెప్పనవసరం లేదు. ఇవన్నీ కుదిరిన మనిషికి రెండో మెట్టు బండి ఎంతో సంతృప్తినిస్తుంది, అలాంటివారిని నేనెప్పుడూ వెనక్కి లాగలేదు. వారానికోసారి కొత్తపట్నం బీచికి, నెలకోసారి ఉదయగిరి కొండకు, ఏడాదికోసారి శ్రీశైలానికి వెళ్లేవారికి మాత్రం మొదటి మెట్టు చాలు. దోర్నాల దాటాక అడవి దారిలో రాత్రివేళ రాకపోకలు ఆపేస్తారు కనుక ఏ బండి మీద వెళ్లినా మధ్యాహ్నానికే అక్కడికి చేరుకుని, ట్యాంకు నింపుకుని ఎక్కాలి.

కొత్తది కొన్నాక పాత బండిని అమ్మేయాలా?

అమ్మవద్దు. పాలకు, కూరగాయలకు, పిల్లలను బడిలో దించడానికి 230 కిలోల బండిని బయటికి తీయడం రెండు వారాల్లోనే విసుగు పుట్టిస్తుంది. పాత వంద సీసీ బండికి షోరూములో ఇచ్చే ఎక్స్ఛేంజి ధర ఎలాగూ కొద్దిగానే ఉంటుంది, దాన్ని ఇంట్లోనే ఉంచుకోండి.